పెట్టె తలుపు

ఆ వస్తువుకి మా ఇంట్లో నాలుగు పేర్లుండేవి. దాన్ని అమ్మినవాడు ‘క్రేట్’ అన్నాడు. మా పనిమనిషి చూసిన మొదటి నిమిషంలోనే ‘బోను’ అనేసింది. మావారు ఏ గొడవా లేకుండా ‘పెట్టె’ అన్నారు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మా చెల్లెలి కూతురు మాత్రం ఫోనులో, “పెద్దమ్మా! పండు ఇల్లు వచ్చిందా?” అని అడిగింది.

నాలుగూ నిజమే. కానీ ఆ నాలుగింటిలో ఏదో ఒకటి ఎంచుకోవాల్సిన అగత్యం నాకు పడింది. ఎందుకంటే ఆ పెట్టెని పండుకి పరిచయం చెయ్యవలసిన బాధ్యత నాది.

పండు అంటే మా చెల్లెలి కుక్క. జాతి కుక్క కాదు, ఊరకుక్కే. అయిదేళ్ళ క్రితం ఓ వానాకాలం సాయంత్రం వాళ్ళ అపార్టుమెంటు మెట్ల కింద వణుకుతూ దొరికింది. పచ్చగా, గుండ్రంగా ఉందని పిల్ల ‘పండు’ అని పేరు పెట్టేసింది. 2024 జూన్‌లో మా మరిదికి జర్మనీలో ఉద్యోగమై కుటుంబమంతా ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్ళిపోతూ, పండుని హైదరాబాదులో మా ఇంట్లో దింపి వెళ్ళారు. వదిలేసి కాదు సుమా! దానికి అప్పటికింకా టైము రాలేదు, అంతే.

కుక్కకి టైము రావడమేమిటని నేనూ అనుకున్నాను. మనిషి వీసాకైనా ఓ లెక్కుంది గానీ, దాని లెక్క అంతకన్నా గట్టిది. ముందు మెడ దగ్గర చర్మం కింద బియ్యపు గింజంత చిప్పు పెట్టించాలి. అందులో పదిహేను అంకెల నంబరొకటి ఉంటుంది. ఆ తరవాతే రేబిస్ టీకా. టీకా వేసిన ముప్ఫై రోజులకి రక్తం తీసి, వాళ్ళు ఒప్పుకున్న లేబొరేటరీకి పంపాలి. రక్తంలో రేబిస్‌ని ఎదుర్కొనే శక్తి మిల్లీలీటరుకి 0.5 యూనిట్లకి తగ్గకుండా ఉన్నట్టు తేలాలి. తేలినా సరే, రక్తం తీసిన నాటి నుంచి మూడు నెలలు ఆగాలి. మన దేశం నుంచి యూరప్ వెళ్ళే ప్రతి కుక్కకీ ఇదే నియమం. వాళ్ళని తప్పుపట్టలేం. ఆ జబ్బు వచ్చాక మందు లేదు.

అలా ఆ మూడు నెలలూ నా వాటాకి వచ్చాయి.

మొదటి వారం పండు గుమ్మం దగ్గరే పడుకుంది. లిఫ్టు చప్పుడైనప్పుడల్లా చెవులు నిక్కించేది. రెండో వారం అన్నం తింది. నెల తిరిగేసరికి నేను రాసుకునే బల్ల కింద నా పాదాల మీద తల ఆనించి పడుకోవడం దాని దినచర్య అయిపోయింది. చెప్పొద్దూ, నవల్లో ఓ అధ్యాయం ముగించి కూడా, అది లేస్తుందని ఓ అరగంట కాళ్ళు కదపకుండా కూర్చున్న రోజులున్నాయి.

ఇక పెట్టె సంగతి. విమానాల్లో జంతువులు ఎలా ప్రయాణించాలో అంతర్జాతీయ విమాన సంస్థల సంఘం పెట్టిన నిబంధనలున్నాయి. వాటి ప్రకారం కుక్కని టేపుతో కొలవాలి, మనం జాకెట్టుకి కొలతలిచ్చినట్టే! ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా ఒక కొలత. నేల నుంచి ముందుకాలి మోచేతి దాకా ఒకటి. భుజాల వెడల్పు ఒకటి. నిలబడితే తలతోనో చెవి కొసతోనో కలిపి ఎత్తు ఒకటి. మొదటిదానికి రెండోదాంట్లో సగం కలిపితే పెట్టె పొడవు. భుజాల వెడల్పుకి రెట్టింపు పెట్టె వెడల్పు. ఎత్తుకి పరుపు మందం కలపాలి. లోపల అది తల వంచకుండా నిలబడగలగాలి, ఒక చుట్టు తిరగగలగాలి, కాళ్ళు చాపుకుని పడుకోగలగాలి. పండు మూతి పొడుగుది కనక సరిపోయింది. చప్పిడిముక్కు జాతులకైతే ఊపిరి కష్టం కాబట్టి ఇంకా పెద్దది కావాలి. కొన్ని విమానాలవాళ్ళు అసలు వాటిని ఎక్కించుకోనే ఎక్కించుకోరట. ఊరకుక్కగా పుట్టడం వల్ల ఓ లాభం ఉందని అప్పుడే తెలిసింది నాకు!

నాలుగు వైపులా గాలి సందులు, ఇనపతలుపు, ప్లాస్టిక్కు క్లిప్పులకి బదులు ఇనప బోల్టులు, తలుపు తియ్యకుండానే బయట నుంచి నింపడానికి వీలుగా తలుపుకే బిగించిన రెండు గిన్నెలు, అడుగున తడి పీల్చుకునే గుడ్డ. పైన ‘ప్రాణమున్న జంతువు’ అని ఇంగ్లీషులో చీటీ, ఏ వైపు పైకి ఉండాలో చూపించే బాణాలు. ఇదంతా డబ్బుతో పనైపోయేదే. డబ్బుతో కానిదొకటుంది. కుక్క ఆ పెట్టెలోకి తనంతట తను వెళ్ళాలి.

దానికో పద్ధతుంది. మా వెటర్నరీ డాక్టరుగారు చెప్పారు. ప్రయాణానికి నెల ముందే పెట్టె తెచ్చి, తలుపు ఊడదీసి, హాల్లో ఓ మూల పడెయ్యండి, దాని జోలికి పోకండి అన్నారు. తరవాత అన్నం గిన్నె పెట్టె పక్కన పెట్టాలి. కొన్నాళ్ళకి గుమ్మం మీద. ఆ తరవాత లోపలి మూలకి. అలవాటయ్యాక తలుపు బిగించి, అన్నం తినేంతసేపే మూసి, తినగానే తియ్యాలి. అయిదు నిమిషాలు, అరగంట, రెండు గంటలు, ఒక రాత్రి... అలా పెంచుకుంటూ పోవాలి.

నేను శ్రద్ధగల విద్యార్థిని. అన్నీ చేశాను. ఉడికించిన కోడిగుడ్డు ముక్కలు పెట్టాను. తలుపు మూసి పక్కనే చాప మీద కూర్చుని పుస్తకం చదివాను. ఇరవయ్యో రోజున, ఎవరూ పిలవకుండా, గిన్నెలో ఏమీ లేకుండా, మధ్యాహ్నం పూట పండు తనంతట తను ఆ పెట్టెలోకి వెళ్ళి, ఓ చుట్టు తిరిగి, నిట్టూర్చి, పడుకుని నిద్రపోయింది.

నేను గెలిచాను. ఆ గెలుపు నన్ను నిలవనివ్వలేదు.

అది నిద్రపోతున్నది పెట్టెని చూసి కాదు, నన్ను చూసి. ఈ మనిషి తలుపు వేస్తుంది, ఈ మనిషే తీస్తుంది. అదీ దాని నమ్మకం. ఆ నమ్మకాన్ని కోడిగుడ్డు ముక్కలతో రోజూ కాస్త కాస్త కొనుక్కుంటూ వచ్చాను. ఎందుకట? ఒకరోజున తలుపు వేసి, తియ్యకుండా వెళ్ళిపోవడానికి.

“ఇదంతా మోసం కాదూ?” అన్నాను ఆ రాత్రి మావారితో.

“చిన్నప్పుడు మన వాడికి చేదుమాత్ర బెల్లంలో పెట్టి మింగించలేదూ? అది మోసమా?” అన్నారాయన పేపరు మడిచి.

జవాబు బాగానే ఉంది. కానీ నాకు గుర్తొచ్చింది బెల్లం కాదు. మరో పెట్టె.

నాకు ఎనిమిదేళ్ళు. 1989. మా ఊళ్ళో అయిదో తరగతి తరవాత చదువు లేదని, నాన్నగారు నన్ను ముందుగానే గుంటూరులో హాస్టలున్న బళ్ళో చేర్చాలనుకున్నారు. ఆకుపచ్చ రేకుపెట్టె కొన్నారు. దాని మీద తెల్లరంగుతో నా పేరు రాయించారు. అమ్మ సున్నుండల డబ్బా, కొత్త గౌనులు, నా రంగు పెన్సిళ్ళు అన్నీ అందులో సర్దింది. నాలుగు రోజులు ఆ పెట్టె మీద కూర్చుని రాణిలా ఊరేగాను. ‘గుంటూరు చూపిస్తా’ అన్నారు నాన్నగారు. బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టారు. బడి చూపించారు. పిల్లలతో ఆడుకోమన్నారు. “సాయంత్రం వచ్చి తీసుకెళ్తానమ్మా” అని వెళ్ళారు.

వచ్చింది దసరా సెలవులకి.

హాస్టలు చెడ్డది కాదు. అన్నం బాగానే ఉండేది. స్నేహితులు దొరికారు. ఈ రోజున నాలుగు అక్షరాలు రాస్తున్నానంటే ఆ బళ్ళోని తెలుగు మాస్టారి చలవే. మంచికే చేశారు నాన్నగారు. అయినా ఇన్నేళ్ళయ్యాక కూడా నా కడుపులో ముల్లులా ఉన్నది హాస్టలు కాదు. ఆ ‘సాయంత్రం’. చాలా సాయంకాలాలు గేటు దగ్గర ఆ రేకుపెట్టె మీద కూర్చున్నాను. పెద్దయ్యాక ఒకసారి అడిగాను, ఎందుకలా చెప్పారని. “నిజం చెబితే ఏడుస్తావని...” అన్నారు. కాస్త ఆగి, “నువ్వేడిస్తే నేను దింపి రాలేనని” అన్నారు.

ఆ రెండో వాక్యం ఎంత నిజాయితీగా ఉందో చూడండి. ఎదుటివాళ్ళకి బాధ కలగకూడదని మనం ఆడే అబద్ధాల్లో చాలా భాగం, వాళ్ళ బాధ మన కంట పడకూడదని ఆడేవే.

ఇలాంటి తెలివి నాకూ వచ్చింది. డాక్టరుగారి దగ్గరికెళ్ళి, “ప్రయాణం రోజున కాస్త నిద్రమందు ఇవ్వకూడదా? దానికేమీ తెలియకుండా చేరిపోతుంది కదా!” అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. మత్తుమందు రక్తపోటుని తగ్గిస్తుందట. ఊపిరి మందగిస్తుందట. పెట్టె ఒరిగినప్పుడు నిలదొక్కుకోలేదట. కింద ఉన్నంతసేపు పక్కన మనుషులుంటారు గానీ గాలిలో దానికేమైనా అయితే చూసే దిక్కు లేదు. మత్తిచ్చారని తెలిస్తే విమానంవాళ్ళు ఎక్కించుకోకపోవచ్చు కూడా. “సామాన్ల అరలోనూ పైన మనుషులకున్నట్టే గాలి ఒత్తిడి ఉంటుందమ్మా. జంతువులుంటే వెచ్చదనం కూడా చూస్తారు. చీకటీ, చప్పుడూ మాత్రం ఉంటాయి. మత్తు వద్దు, అలవాటు చెయ్యండి” అన్నారు.

అంటే, దానికి తెలియకుండా చేసే వీల్లేదు. తెలిసే వెళ్ళాలి. తెలిసేదెంత, తెలియనిదెంత అన్నదే మళ్ళీ ప్రశ్న.

ఆ రోజుల్లో నాకు తరచు లైకా గుర్తొచ్చేది. 1957 నవంబరు 3న రష్యావాళ్ళు స్పుత్నిక్-2లో అంతరిక్షానికి పంపిన కుక్క. అదీ మన పండులాగే వీధికుక్క. మాస్కో వీధుల్లో దొరికింది. దానికీ పెట్టె అలవాటు చేశారు. అంతకంతకూ చిన్న బోనుల్లో, ఒక్కోసారి ఇరవై రోజుల దాకా ఉంచి నేర్పారు. పంపేముందు ఆ శాస్త్రజ్ఞుల్లో ఒకాయన దాన్ని తన ఇంటికి తీసుకెళ్ళి పిల్లలతో ఆడుకోనిచ్చాడట. ప్రేమ లేకపోలేదు. కానీ దాన్ని తిరిగి తెచ్చే ఏర్పాటు మాత్రం మొదటి నుంచీ లేదు. బయల్దేరిన కొన్ని గంటల్లోనే వేడికి చచ్చిపోయిందని 2002లో గాని లోకానికి తెలియలేదు. దాన్ని తయారుచేసినవారిలో ఒకరైన గజెంకో 1998లో, ఆ ప్రాణానికి సరిపడా తాము నేర్చుకున్నదేమీ లేదని విచారపడ్డాడు.

వాళ్ళు చేసిందీ నేను చేసిందీ పక్కపక్కన పెట్టి చూస్తే, పద్ధతిలో పెద్ద తేడా కనపడలేదు నాకు. అక్కడా ఓర్పే, ఇక్కడా ఓర్పే. అక్కడా తిండే, ఇక్కడా తిండే. మరి తేడా ఎక్కడ? పెట్టె తలుపు అవతల. పండు పెట్టెకి తలుపు తీసేవాళ్ళున్నారు. లైకాకి లేరు. కుక్కకి మనం నేర్పిన పాఠం ఒక్కటే: ‘మూసిన తలుపు తెరుచుకుంటుంది’. ఆ మాట చివరికి నిజమైతే అది శిక్షణ. కాకపోతే మోసం. తిండి పెట్టిన చేతిని చూసి ఆ సంగతి చెప్పలేం.

కానీ ఇందులో ఓ చిక్కుంది. ఆ మాట ఇచ్చింది నేను. నిలబెట్టవలసింది వేరేవాళ్ళు.

ఇక్కడ మరో నిజం కూడా ఒప్పుకోవాలి. సెప్టెంబరు వచ్చేసరికి నా ధర్మసందేహాలన్నీ ఒకే వైపు మొగ్గుతున్నాయి. ‘పాపం, అంత చీకట్లో అన్ని గంటలు! ఆ చలిదేశంలో దానికేం బాగుంటుంది? ఇక్కడే ఉంచేసుకుంటే?’ చెల్లెలితో ఓ రోజు అననే అన్నాను. అది కాసేపు మాట్లాడలేదు. తరవాత, “దాని కోసం అంటున్నావా అక్కా, నీ కోసమా?” అంది.

కోపం వచ్చింది. నిజం కనకనే వచ్చింది. కుక్క భయపడుతుందని నేను పడ్డ జాలిలో, నా పాదాల మీద బరువు లేకుండా పోతుందన్న దిగులు ఎంతో, విడదీసి చూపించమంటే నా వల్ల కాలేదు. అయిదేళ్ళు పెంచిన పిల్ల అక్కడ రోజూ దాని ఫొటో చూసి పడుకుంటోంది. నాలుగు నెలలు కూడా నిండని నేను ఇక్కడ ధర్మశాస్త్రం చదువుతున్నాను!

ధర్మశాస్త్రమంటే గుర్తొచ్చింది. కుక్కని విమానమెక్కించే తగువు మనకి కొత్తదేమీ కాదు. మహాప్రస్థానంలో తమ్ములూ, ద్రౌపదీ దారిలో పడిపోయాక ధర్మరాజు వెంట మిగిలింది ఓ కుక్క. ఇంద్రుడు రథం తెచ్చి ఎక్కమన్నాడు గానీ కుక్కకి చోటు లేదన్నాడు. నమ్మి వెంట వచ్చినదాన్ని వదిలి స్వర్గానికి కూడా రానన్నాడు ధర్మరాజు. చిన్నప్పటి నుంచీ విన్న కథే. కాని ఈసారి నాకు అందులో కొత్త సంగతొకటి కనపడింది. ఆయన ఆ కుక్కకి స్వర్గం గురించి ఏ మాటా ఇవ్వలేదు. రమ్మని పిలవనూ లేదు. అదే నమ్మింది. అయినా ఆ నమ్మకానికి తనే బాధ్యుడననుకున్నాడు. మరి గుడ్డు ముక్కలు పెట్టి మరీ నమ్మించిన నా బాధ్యత ఇంకెంత ఉండాలి?

అక్టోబరు మొదట్లో మా మరిది వచ్చాడు. యజమాని ప్రయాణానికి అయిదు రోజులు అటో ఇటోలోనే కుక్కా ప్రయాణం చెయ్యాలని అక్కడి నియమం. లేకపోతే వ్యాపారపు సరుకు కింద జమకడతారు. అందుకని అదే విమానంలో పైన తనూ, కింద అదీ. అతన్ని చూసి పండు చేసిన గొడవ నేను రాయలేను. ఎగిరింది, ఏడ్చింది, సోఫా చుట్టూ పరిగెత్తింది. నా వంక ఒక్కసారి చూసి మళ్ళీ అతని దగ్గరికే పోయింది. నాకు కుళ్ళుగా ఉందని చెబితే మీరు నవ్వుతారు. పోనీ, నవ్వండి.

ఆ రాత్రి పెట్టె సర్దాను. లోపల ఉతకని పాతబట్ట ఒకటి వెయ్యమని డాక్టరుగారు చెప్పారు. తెలిసిన మనిషి వాసన ఉంటే చీకట్లో ధైర్యంగా ఉంటుందట. నా పాత నేతచీర సగానికి చించి ఎప్పటి నుంచో దాని పక్కలో వేశాను. పండు దాని మీదే పడుకునేది. అదే మడత పెట్టి పరుస్తున్నాను.

“వదినగారూ, పిల్ల ఇది పంపింది” అని మరిది ఓ ప్లాస్టిక్కు సంచీ ఇచ్చాడు. విప్పితే పిల్ల రాత్రిపూట వేసుకునే బనీను. పండు కోసమని పది రోజులు ఉతకనివ్వకుండా వేసుకుందట.

రెండూ వెయ్యచ్చు. చోటుంది. రెండూ పరిచాను కూడా. పరిచి, పక్కకి వచ్చి, పడుకోలేకపోయాను.

నా చీర వాసన ఆ చీకట్లో దానికేం చెబుతుంది? ‘నేనున్నాను’ అని చెబుతుంది. తొమ్మిది గంటలపాటు చెబుతూనే ఉంటుంది. తలుపు తెరుచుకునేసరికి నేనుండను. అది ‘సాయంత్రం వస్తానమ్మా’ అనడం కాదూ?

తెల్లవారుజామున లేచి నా చీరముక్క తీసేశాను. పిల్ల బనీను ఒక్కటే ఉంచాను. తలుపు తీసేది ఎవరో, వాళ్ళ వాసనే లోపల ఉండాలి. అంతకు మించి ఆ నోరులేని దానికి నిజం చెప్పే మార్గం నాకు తోచలేదు.

బయల్దేరే ముందు నాలుగు గంటలకి తేలిగ్గా తిండి పెట్టాం. చాలాసేపు తిప్పాం. ఒలికిపోకుండా గిన్నెలో నీళ్ళు ముందురోజే గడ్డకట్టించి ఉంచాం. కరిగినకొద్దీ నాకుతుంది. శంషాబాదు కార్గో దగ్గర కాగితాలన్నీ చూశారు. తనిఖీ కోసమని పండుని బయటికి తియ్యమని ఖాళీ పెట్టెని యంత్రంలో పంపారు. ట్రాలీల చప్పుడు, అరుపులు, డీజిలు వాసన. దాని తోక కాళ్ళ మధ్యకి పోయింది. పెట్టె అవతలి వైపు వచ్చింది. “ఎక్కించండమ్మా” అన్నాడొకతను.

ఎక్కించలేదు. నేను పక్కన నేల మీద కూర్చున్నాను, మా హాల్లో చాప మీద కూర్చున్నట్టే. పండు నా ముఖం చూసింది. పెట్టె వాసన చూసింది. తల లోపలికి పెట్టి ఆ బనీను వాసన చూసింది. తరవాత తనంతట తను లోపలికి వెళ్ళి, ఓ చుట్టు తిరిగి, పడుకుంది.

తలుపు మరిది చేత వేయించాను. “త్వరగా తియ్యి” అన్నాను అతనితో. అంతకన్నా ఏం మాట్లాడగలను?

మర్నాడు ఫోటో వచ్చింది. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలో జంతువులకని ప్రత్యేకంగా ఓ విభాగమే ఉంది. అక్కడి తనిఖీ అయ్యాక బయట తలుపు తీసింది మరిది కాదు, పిల్ల. తనే తీస్తానని పట్టుబట్టిందట. ఫోటోలో పండు ముఖం కనపడదు. పిల్ల ఒళ్ళో దూరిన వెనకభాగం, తోక మాత్రం కనపడతాయి. తోక కదిలి మసగ్గా పడింది.

ఆ పెట్టె ఇప్పుడు వాళ్ళింట్లో హీటరు పక్కన ఉంది. తలుపు ఊడదీసేశారు. పండు ఇప్పటికీ అందులోనే పడుకుంటుందట. దాన్ని బట్టి నన్ను క్షమించిందని అనుకోవచ్చేమో. లేదా క్షమించాల్సిందేమీ దానికి కనపడలేదేమో. దానికి భయం వేయలేదని మాత్రం నేను చెప్పను. వేసే ఉంటుంది. తప్పించలేని భయం కొంత ఉంటుంది. మనం చెయ్యగలిగింది, దాని మీద అబద్ధం కప్పకుండా ఉండడం.

మొన్న దసరాకి నాన్నగారు మా ఇంటికొచ్చారు. ఇప్పుడాయనకి ఎనభై దాటాయి. కంటి ఆపరేషను కోసం ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. “నొప్పెడుతుందేమిటే?” అని అడిగారు పిల్లాడిలా. “అబ్బే, ఏమీ ఉండదు” అని నోటి దాకా వచ్చింది.

“కాస్త ఉంటుంది నాన్నా. నేను తలుపు బయటే కూర్చుంటాను” అన్నాను.

కూర్చున్నాను.